రైలు పోయాక మిగిలిన దారి

కేరళ రాష్ట్ర రహదారి 18 మున్నార్ పట్టణంలో మొదలై, తేయాకు తోటల మధ్య నుంచి తూర్పుగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు సాగి, టాప్ స్టేషన్ అనే చోట ముగుస్తుంది. దారిలో మాట్టుపెట్టి జలాశయం వస్తుంది, ఆ తర్వాత కుండల జలాశయం వస్తుంది. చివర కొండ అంచున నిలబడి చూస్తే కింద తమిళనాడులోని తేని జిల్లా మైదానం పరచుకుని కనిపిస్తుంది. వచ్చిన పర్యాటకులు ఫొటోలు దిగి, టీ తాగి వెనుదిరుగుతారు. ఆ ఊరి పేరులో స్టేషన్ ఎందుకుందని అడిగేవారు తక్కువ. అక్కడ పట్టాలు లేవు, ప్లాట్‌ఫాం లేదు. కానీ అది రైల్వే స్టేషను పేరే. 1924 దాకా అక్కడికి రైలు వచ్చేది.

ఆ రైలు పేరు కుండల వ్యాలీ రైల్వే. దాని చరిత్రను సాధారణంగా ఒక వింతగా, కొండల్లో మాయమైపోయిన బొమ్మ రైలు కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ రైలు ఎటు చూసిందన్నదీ, అది పోయాక దారులు ఎటు తిరిగాయన్నదీ ముఖ్యమనిపిస్తాయి. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు వెతికితే, ఒక రాష్ట్ర సరిహద్దు ఎలా స్థిరపడిందో తెలుస్తుంది. ఆ సరిహద్దు స్థిరపడినా కాళ్ల కింద సొంత నేల దక్కని మనుషుల కథ కూడా తెలుస్తుంది.

తూర్పు ముఖంగా పుట్టిన రైలు

మున్నార్ అంటే మూడు ఏరులు. తమిళ మలయాళాల్లోని 'ఆరు' మన 'ఏరే'. ముదిరపుళ, నల్లతన్ని, కుండల అనే మూడు ఏర్లు కలిసే ఆ లోయా, చుట్టూ ఉన్న కొండలూ పంతొమ్మిదో శతాబ్దంలో తిరువితాంకూరు సంస్థానానికి లోబడిన పూంజార్ రాజకుటుంబం అధీనంలో ఉండేవి. 1877లో పూంజార్ రాజు వాటిని జాన్ డేనియల్ మన్రో అనే ఆంగ్లేయ అధికారికి కౌలుకిచ్చాడు. ఆ విస్తీర్ణం దాదాపు 1 లక్షా 37 వేల ఎకరాలు. చరిత్రలో దీన్నే కణ్ణన్ దేవన్ కన్సెషన్ అంటారు. మొదట కాఫీ, సింకోనా, యాలకులు వేసి చూశారు. చివరకు తేయాకు నిలిచింది. 1897లో ఫిన్లే సంస్థ ఆధ్వర్యంలో కణ్ణన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ ఏర్పడడంతో ఆ కొండలన్నీ క్రమంగా ఒకే కంపెనీ ఏలుబడిలోకి వచ్చాయి.

తేయాకు పండించడం ఒక ఎత్తు, దాన్ని ఓడ దాకా చేర్చడం మరో ఎత్తు. మున్నార్‌కు పడమట అరేబియా సముద్రం, కొచ్చి రేవు ఉన్నాయి. అయినా పడమటి వైపు దట్టమైన అడవి, భారీ వర్షాలు, దాటడం కష్టమైన నదులు. తూర్పు వైపు కొండ నిటారుగా దిగిపోతుంది గానీ, దిగగానే ఎండు మైదానం. అక్కడ బోడినాయకనూరు ఉంది, ఆవల మదురై, ఇంకా ఆవల తూత్తుకుడి రేవు. అందుకే కంపెనీ తూర్పు ముఖం పెట్టింది.

1902లో మున్నార్ నుంచి కుండల లోయ మీదుగా టాప్ స్టేషన్ వరకు మోనోరైలు వేశారు. ఆ మాట వినగానే నేటి నగరాల్లో స్తంభాల మీద పరుగులు తీసే రైలును ఊహించుకోవద్దు. నేల మీద ఒకే ఒక్క పట్టా ఉండేది. బండి బరువులో ఎక్కువ భాగం ఆ పట్టా మీద చిన్న చక్రాలు మోసేవి. పక్కన రోడ్డు మీద దొర్లే పెద్ద చక్రం బండి ఒరిగిపోకుండా కాచేది. లాగేవి ఎద్దులు. తర్వాత కొన్నేళ్లకు పంజాబులోని పటియాలా సంస్థానంలోనూ ఇదే తరహా పద్ధతిని వాడారు. 1908లో ఆ ఒంటి పట్టాను తొలగించి, రెండడుగుల వెడల్పు నారోగేజి లైను వేసి ఆవిరి ఇంజన్లు తెచ్చారు. మున్నార్, మాట్టుపెట్టి, పాలార్, టాప్ స్టేషన్ ఆ దారిలోని మజిలీలు.

రైలు టాప్ స్టేషన్‌లో ఆగిపోయేది. ముందుకు పోవడానికి నేల లేదు. అక్కడి నుంచి తేయాకు పెట్టెలను రోప్‌వే మీద కొండ కిందికి, కోట్టగుడి దగ్గరి బాటమ్ స్టేషన్‌కు దించేవారు. అక్కడ బళ్లకెత్తి బోడినాయకనూరుకు, చివరకు తూత్తుకుడి రేవుకు చేర్చేవారు. ఆ బోడినాయకనూరు జమీందార్లు విజయనగర, మదురై నాయకుల కాలంలో తమిళదేశంలో స్థిరపడిన తెలుగు మూలాల వారు కావడం మనకు ఆసక్తి కలిగించే సంగతి.

తిరువితాంకూరు నేల మీద నడిచిన ఈ రైలు తిరువితాంకూరులోని ఏ పట్టణాన్నీ కలపలేదు. సరుకు తూర్పుకు దిగేది, మనుషులు తూర్పు నుంచి ఎక్కేవారు. కంగాణీలు తిరునల్వేలి, మదురై, రామనాథపురం ప్రాంతాల్లో తిరిగి, అడ్వాన్సు చేతిలో పెట్టి కూలీలను కట్టుకుని తెచ్చేవారు. వారిలో అత్యధికులు దళితులు. కరువు నుంచీ, ఊరి పెత్తందారీ నుంచీ బయటపడాలని కొండెక్కినవారు అడ్వాన్సు అప్పులో చిక్కి అక్కడే ఉండిపోయారు. వారు మాట్లాడేది తమిళం, కొలిచేది తమిళనాటి గ్రామదేవతలను, పెళ్లి సంబంధాలు వెతికేది కింది మైదానంలో. పరిపాలన తిరువనంతపురానిది, పెత్తనం కంపెనీది, జీవితం మదురై సీమది. ఈ మూడింటి మధ్య పొసగనితనం ముప్పై ఏళ్ల తర్వాత రాజకీయమై కూర్చుంది.

తొంభై తొమ్మిదో యేటి వరద

1924 జులైలో కేరళమంతటా కురిసిన వానను అక్కడి పెద్దలు తొంభై తొమ్మిది వరద అంటారు. కొల్లం శకం 1099లో వచ్చింది గనుక ఆ పేరు. వారాల తరబడి వాన తెరిపి ఇవ్వలేదు. విరిగిపడిన కొండచరియలు, కొట్టుకువచ్చిన చెట్లు మాట్టుపెట్టి దగ్గర ఏటికి అడ్డుపడి కట్టలా నిలిచాయని, అది తెగినప్పుడు నీరంతా ఒక్కసారిగా మున్నార్ మీద పడిందని చెబుతారు. పట్టాలు, వంతెనలు, స్టేషన్లు ధ్వంసమయ్యాయి. పదహారేళ్ల వయసున్న ఆవిరి రైలు మళ్లీ లేవలేదు. మున్నార్‌లోని పాత స్టేషను భవనం తర్వాతి కాలంలో తేయాకు కంపెనీ కార్యాలయంగా మారింది.

అదే వరద పడమటి దారినీ మింగింది. ఆలువా నుంచి కోతమంగళం, పూయంకుట్టి, మాంకుళం మీదుగా అడవిలో నడిచే పాత మున్నార్ రోడ్డును కరింతిరి కొండ విరిగిపడి మూసేసింది. అంటే ఒకే నెలలో మున్నార్ తూర్పు తలుపూ, పడమటి తలుపూ రెండూ కూలిపోయాయి.

ఏ విపత్తు తర్వాతైనా చూడవలసింది ఏది కూలిందన్నది మాత్రమే కాదు, దేన్ని మళ్లీ కట్టారన్నది కూడా. కంపెనీ తోటలను బాగు చేసుకుంది, ఫ్యాక్టరీలు నిలబెట్టుకుంది. రైలును మాత్రం తిరిగి వేయలేదు. రోప్‌వేలను, మోటారు బళ్లను నమ్ముకుంది. లాభనష్టాల లెక్కలో అది సరైన నిర్ణయమే కావచ్చు. ప్రయాణికుల కోసం వేసిన రైలైతే జనం అడిగేవారు, సంస్థానం జవాబు చెప్పవలసి వచ్చేది. అది పెట్టెల కోసం వేసిన రైలు. పెట్టెలకు వేరే దారి దొరకగానే దాని అవసరం తీరింది.

తిరువితాంకూరు సంస్థానం అలా ఊరుకోలేదు. రీజెంటుగా పాలిస్తున్న మహారాణి సేతులక్ష్మీబాయి హయాంలో నేర్యమంగళం, అడిమాలి మీదుగా కొత్త మార్గం ఎంచుకుని రోడ్డు వేయించారు. 1931లో అది తెరుచుకుంది. పెరియార్ నది మీద నేర్యమంగళం వద్ద కట్టిన కమాను వంతెన 1935లో ప్రారంభమైంది. తూర్పున మదురై నుంచి బోడినాయకనూరు దాకా మీటర్‌గేజి రైలు వచ్చింది 1928లో. కొండ మీది రైలు పోయిన నాలుగేళ్లకు కొండ కింద రైలు వచ్చింది. ఆ రెండూ ఎప్పుడూ కలుసుకోలేదు.

నీరు, కరెంటు, సరిహద్దు

కొత్త రోడ్డు వచ్చాక మున్నార్ ముఖం పడమటికి తిరిగింది. మున్నార్ దిగువన ముదిరపుళ నీటితో పళ్లివాసల్ జలవిద్యుత్ కేంద్రం 1940లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నేటి కేరళ భూభాగంలో అదే మొదటి పెద్ద జలవిద్యుత్ కేంద్రం. దానికి నీరు నిల్వచేయడానికి 1946లో కుండల ఆనకట్ట, 1953లో మాట్టుపెట్టి ఆనకట్ట పూర్తయ్యాయి. రైలు నడిచిన లోయలోనే జలాశయాలు వెలిశాయి. అంతకుముందు ఆ కొండలు తిరువితాంకూరుకు కౌలు ఆదాయం తెచ్చే దూరపు నేల. ఇప్పుడు ఆలువా ప్రాంతపు ఫ్యాక్టరీలను నడిపే విద్యుత్తుకు అవి పుట్టినిల్లు. అటువంటి నేలను ఏ ప్రభుత్వమూ వదులుకోదు.

భాషా రాష్ట్రాల ఉద్యమం సరిగ్గా ఆ సమయంలోనే ఊపందుకుంది. పొట్టి శ్రీరాములు బలిదానం, 1953లో ఆంధ్రరాష్ట్ర అవతరణ తెలుగువారి చరిత్రలో ఎంత పెద్ద ఘట్టాలో, మిగతా దక్షిణాదికి అంత పెద్ద సంకేతాలు. తిరువితాంకూరు తమిళనాడు కాంగ్రెస్ అనే పార్టీ నేశమణి నాయకత్వంలో, సంస్థానపు దక్షిణ తాలూకాలతో పాటు దేవికుళం, పీర్‌మేడు తాలూకాలను కూడా మద్రాసు రాష్ట్రంలో కలపాలని కోరింది. మున్నార్ దేవికుళం తాలూకాలోనిదే. 1954 ఆగస్టు 11న దక్షిణ తిరువితాంకూరులో ఆందోళనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు అధికారంలో ఉన్నది ప్రజా సోషలిస్టు పార్టీకి చెందిన పట్టం థానుపిళ్లై ప్రభుత్వం. ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి రామ్ మనోహర్ లోహియా తమ ముఖ్యమంత్రే రాజీనామా చేయాలని పట్టుబట్టారు. పార్టీ చీలికకు దారితీసిన వివాదాల్లో అదొకటి. సొంత ప్రభుత్వం జరిపిన కాల్పులకు సొంత పార్టీ నాయకుడు రాజీనామా కోరిన సందర్భాలు మన దేశ రాజకీయాల్లో ఎన్నున్నాయో పాఠకులే లెక్కించుకోవచ్చు.

ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. అగస్తీశ్వరం, తోవాళ, కల్కుళం, విళవంకోడు, సెంగోట్టై తాలూకాలు మద్రాసుకు వెళ్లాలని చెప్పింది. దేవికుళం, పీర్‌మేడుల దగ్గరికి వచ్చేసరికి తర్కం మారింది. అక్కడ తమిళులు ఎక్కువే గానీ, వారిలో చాలామంది తోటల పనికి వచ్చిపోయే వలస కూలీలని సంఘం భావించింది. ఆర్థికంగా ఆ కొండలు తిరువితాంకూరు–కొచ్చికి కీలకమని, భాష ఒక్కటే కొలబద్ద కారాదని చెప్పి వాటిని కేరళకే ఉంచింది. 1956 నవంబరు 1న కేరళ ఏర్పడింది. ఆ తాలూకాల విషయంలో ముఖ్యమంత్రి కామరాజ్ గట్టిగా పట్టుబట్టలేదన్న విమర్శ తమిళనాట నేటికీ వినిపిస్తుంది.

ఇదే సంఘం మన వైపు ఏం చేసిందో గుర్తుచేసుకుంటే ఈ తర్కం మరింత స్పష్టమవుతుంది. తెలంగాణను కొంతకాలం హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని సూచించింది. కన్నడం మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న బళ్లారి తాలూకాను, తుంగభద్ర ప్రాజెక్టు అవసరాలనూ రాయలసీమతో ఉన్న సంబంధాలనూ చూపి ఆంధ్రకు ఇవ్వమంది. కేంద్రం ఆ రెండు సిఫార్సులనూ పాటించలేదు. మన చరిత్రలో పునర్వ్యవస్థీకరణను భాషల కథగా చెప్పుకోవడం అలవాటు. భాష గీసిన గీతను చాలాచోట్ల ఆనకట్టలు, దారులు సవరించాయి. కొన్నిచోట్ల ఆ సవరణ నిలిచింది, కొన్నిచోట్ల నిలవలేదు. మున్నార్‌లో నిలిచింది.

దేవికుళాన్ని కేరళకు ఇవ్వడం తప్పని నా వాదన కాదు. విద్యుత్తు, నీరు, రోడ్డు అన్నీ అటే ఉన్నాయి. నాకు అభ్యంతరమల్లా 'వచ్చిపోయే కూలీలు' అన్న భావన మీదే. అప్పటికే రెండు మూడు తరాలు ఆ లయాల్లో పుట్టి, ఆ కొండల్లోనే మట్టిలో కలిశాయి. లయం అంటే కంపెనీ కట్టిన పొడవాటి వరస ఇళ్లు, ఒక్కో కుటుంబానికి చిన్న వంటిల్లు, ఒకటీ అరా గది. పని ఉన్నంతకాలం ఉండవచ్చు, రిటైరైతే ఖాళీ చేయాలి. ఇంట్లో మరొకరు తోటపనికి కుదిరితేనే ఆ కప్పు నిలుస్తుంది. మనిషిని నిలవనివ్వకుండా ఏర్పాటు చేసి, ఆ మనిషి నిలకడ లేనివాడని నివేదికలో రాసుకోవడం ఏ పాటి న్యాయం?

గెలిపించిన ఓట్లు, దక్కని నేల

వచ్చిపోయే కూలీల ఓట్లే రెండేళ్లు తిరగకుండా కేరళ రాజకీయాలకు కీలకమయ్యాయి. 1957లో స్వల్ప మెజారిటీతో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. దేవికుళం నుంచి గెలిచిన రోసమ్మ పున్నూస్ ఎన్నిక కోర్టులో రద్దయింది. 1958లో ఉపఎన్నిక వచ్చింది. అది ఓడితే ప్రభుత్వం ఇరుకున పడేది. తమిళ కూలీలను కదిలించడానికి తేని ప్రాంతం నుంచి పావలర్ వరదరాజన్ అనే కమ్యూనిస్టు గాయకుడు కొండెక్కి ఎస్టేటు ఎస్టేటుకూ తిరిగి పాడాడు. ఆయన తమ్ముడే తర్వాతి కాలంలో మనందరం ఎరిగిన ఇళయరాజా. రోసమ్మ గెలిచారు. ఆ యేడు అక్టోబరులోనే తోట కార్మికుల సమ్మె సాగుతుండగా మున్నార్ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మేలో ఓటు వేసినవారి మీద అక్టోబరులో తుపాకీ లేచింది, అది కూడా కార్మికుల ప్రభుత్వం పాలనలో.

కేరళ భూసంస్కరణల ఖ్యాతి గురించి వేరే చెప్పనక్కర్లేదు. కానీ 1963 చట్టంలో తోటలకు గరిష్ఠ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు. మైదానంలో కౌలుదారు రైతయ్యాడు, కొండ మీద కూలీ కూలీగానే మిగిలాడు. ఆ లోటును కొంతైనా పూడ్చే ప్రయత్నం 1971 నాటి కణ్ణన్ దేవన్ హిల్స్ భూముల స్వాధీన చట్టం. అచ్యుత మీనన్ ప్రభుత్వం తెచ్చిన ఆ చట్టం కన్సెషన్ భూములను రాష్ట్రానివిగా ప్రకటించింది. తోటల కిందా, వాటి అవసరాల కిందా ఉన్న భూమిని కంపెనీకి వదిలింది. 1972లో సుప్రీంకోర్టు దాన్ని వ్యవసాయ సంస్కరణగా పరిగణించి సమర్థించింది. చివరకు సుమారు 57 వేల ఎకరాలు కంపెనీ చేతిలో ఉండిపోయాయి. మిగిలిన దానిలో కొంత అడవి అయింది, కొంత ప్రభుత్వ భూమిగా ఉండిపోయింది, కొంత ఆక్రమణల పాలై రిసార్టులయింది. వ్యవసాయ కూలీలకు పంచడం చట్టం చెప్పుకున్న లక్ష్యాల్లో ఒకటి. కొందరికి పట్టాలు దక్కాయి. లయాల్లో ఉండేవారిలో అత్యధికులకు తమదంటూ నాలుగు సెంట్లు లేవు.

దారిని ఆపినవారు, దారి అందనివారు

2015 సెప్టెంబరులో మున్నార్ పేరు దేశమంతటా వినిపించింది. బోనసు తగ్గించారని తోట కార్మికులైన స్త్రీలు వేలాదిగా పట్టణంలోకి వచ్చి కొచ్చి–ధనుష్కోడి జాతీయ రహదారి మీద కూర్చున్నారు. గుర్తింపు పొందిన యూనియన్ల నాయకులను, వారు ఏ పార్టీవారైనా సరే, దగ్గరికి రానివ్వలేదు. అప్పటికి పదేళ్లుగా తోటలను నడుపుతున్నది కార్మికులు, ఉద్యోగులు కూడా వాటాదారులుగా ఉన్న సంస్థ. వాటా కాగితం చేతిలో ఉన్నా రోజుకూలి 232 రూపాయలే. తొమ్మిది రోజుల పోరాటం తర్వాత ముఖ్యమంత్రి ఊమెన్ చాండీ సమక్షంలో బోనసు, ఎక్స్‌గ్రేషియా కలిపి 20 శాతానికి ఒప్పందం కుదిరింది. తర్వాతి నెలలో కూలి 301 రూపాయలయింది. ఆ స్త్రీల సంఘం పేరు పొంబిళై ఒరుమై, అంటే స్త్రీల ఐక్యత.

దారి రాజకీయం ఇక్కడ తిరగబడింది. శతాబ్దం పాటు సరుకు కోసం, సర్కారు కోసం, చివరకు పర్యాటకుల కోసం వేసిన దారి మీద కూలీలు మొదటిసారి తమ ఉనికిని ఇంత గట్టిగా చాటారు. బస్సులు ఆగినప్పుడే వారు రాష్ట్రానికి కనిపించారు.

ఆ తర్వాత ఐదేళ్లకు దారి లేకపోవడం ఎంత ఖరీదైనదో తెలిసింది. 2020 ఆగస్టు 6 రాత్రి రాజమల దగ్గరి పెట్టిముడిలో కొండచరియ విరిగి లయాల మీద పడింది. 70 మంది పోయారు. కరెంటు లేదు, ఫోను సిగ్నల్ లేదు. తెల్లవారాక గానీ బయటి ప్రపంచానికి కబురు అందలేదు. మున్నార్ నుంచి అటు వెళ్లే దారిలోని పెరియవరై వంతెన 2018 వరదల్లో దెబ్బతింది. దాని స్థానంలో వేసిన తాత్కాలిక వంతెన కూడా కొట్టుకుపోవడంతో సహాయక బృందాలకు ఆటంకం కలిగింది. ఆ మర్నాడే కోళికోడ్ విమాన ప్రమాదం జరిగింది. విమాన ప్రమాద మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షలు, పెట్టిముడి కుటుంబాలకు 5 లక్షలు ప్రకటించింది. రెండు ప్రమాదాల స్వభావం వేరు, నిబంధనలు వేరు అని అధికారులు చెప్పవచ్చు. లయంలో బతికినవారికి ఆ తేడా మరోలా అర్థమైంది. వారు నిరసన తెలిపారు. తెలపకపోతే ఆశ్చర్యపోవాలి.

1924లో కొట్టుకుపోయిన పట్టాలకూ 2020లో కూరుకుపోయిన లయాలకూ మధ్య దాదాపు నూరేళ్లు. ఆ నూరేళ్లలో అక్కడ ఆనకట్టలు కట్టారు, జాతీయ రహదారి వేశారు, దేవికుళం గ్యాప్ రోడ్డు దగ్గర దాన్ని వెడల్పు చేస్తూ కొండను తొలిచారు, అక్కడా చరియలు పదే పదే విరిగిపడ్డాయి. మారనిది వరస ఇళ్ల పద్ధతి ఒక్కటే.

ఎక్కడివారు?

దేవికుళం షెడ్యూల్డు కులాలకు రిజర్వయిన నియోజకవర్గం. 2021లో అక్కడి నుంచి గెలిచిన ఎ. రాజా ఎన్నికను 2023లో కేరళ హైకోర్టు రద్దుచేసింది. 2025 మేలో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. వివాదం మతం, కులం గురించి. కానీ విచారణలో మరో ప్రశ్న కూడా వచ్చింది. ఆయన పూర్వికులు 1950కి ముందే తమిళనాడు నుంచి తోటల్లోకి వచ్చి స్థిరపడ్డారా, లేదా? రిజర్వేషను రాష్ట్రాల వారీగా ఉంటుంది గనుక చట్టం ఆ ప్రశ్న అడగక తప్పదు. అయినా ఒక్కసారి ఆలోచించండి. శాసనసభకు ఎన్నికైన మనిషి కూడా తన తాత ఏ యేడు కొండెక్కాడో రుజువు చేసుకోవలసి వచ్చింది. వచ్చిపోయేవారన్న 1955 నాటి ముద్ర డెబ్బై ఏళ్ల తర్వాతా చెరగలేదు.

ఒకప్పుడు టాప్ స్టేషన్ నుంచి కొడైకెనాల్‌కు కూడా దారి ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో జపాను దాడి జరిగితే తప్పించుకోవడానికి ఆంగ్లేయులు బాగుచేసుకున్న ఆ మార్గాన్ని ఎస్కేప్ రోడ్ అనేవారు. 1990లో దాన్ని మూసేశారు, ఇప్పుడది అడవి. ఇక కొచ్చి నుంచి మున్నార్, బోడి, మదురై మీదుగా ధనుష్కోడి దాకా పోయే రహదారిని పటంలో చూస్తే మరో సంగతి తడుతుంది. దాని నడుమ 1924 వరద మింగిన రైలుంది. దాని తూర్పు కొసన 1964 తుపాను మింగిన ధనుష్కోడి రైలుంది. రెంటినీ తిరిగి వేయలేదు. రోడ్డు మాత్రం రెండు చోట్లకూ చేరింది. కొండ కింద బోడినాయకనూరుకు, బ్రాడ్‌గేజి మార్పు కోసం 2010లో ఆగిపోయిన రైలు 2023లో తిరిగి వచ్చింది.

మున్నార్‌లో పాత రైలును పర్యాటకుల కోసం మళ్లీ నడపాలన్న ఆలోచన అప్పుడప్పుడూ వార్తల్లోకి వస్తుంది. వస్తే రానివ్వండి, రైలు మీద నాకు విరోధం లేదు. కాని ఈసారి ఆ లోయలో ఏది పునరుద్ధరించాలన్న చర్చ వచ్చినప్పుడు, ఆ పట్టాల వెంట కొండెక్కినవారి మనవరాళ్లను ముందుగా అడగాలి. వారు అడిగేది పాతదేమీ కాదు, పోగొట్టుకున్నదీ కాదు. వారికి ఎన్నడూ ఇవ్వనిది. రిటైరైన మర్నాడు ఖాళీ చేయనక్కర్లేని ఇల్లు, వాన పడిన రాత్రి నిద్రపట్టే చోట కొంచెం నేల. టాప్ స్టేషన్‌కు పోయే బస్సు రోజూ ఆ లయాల ముందు నుంచే వెళుతుంది. అందులోంచి చూసేవారికి తోటలు పచ్చగా కనిపిస్తాయి, ఇళ్లు చిన్నవిగా కనిపిస్తాయి. ఆ ఇళ్లు ఎవరివని అడగడంతోనైనా మన రాజకీయం మొదలుకావాలి.